చూడని పిట్టకు టిక్కు పెట్టను

అలాస్కా వెళ్తానని నేను చెప్పిన రోజు మా ఆయన స్టవ్ దగ్గర నిలబడి పాలు కాస్తున్నారు. నా మాట విని ఇటు తిరిగేసరికి పాలు కాస్తా పొంగిపోయాయి. స్టవ్ తుడుస్తూ అడిగారు.

"అలాస్కాకా? ఎవరితో?"

"టూర్‌తో. పన్నెండు మందిమి. ఒక గైడ్ ఉంటాడు. పిట్టల్ని చూడ్డానికి."

"మన బ్యాక్‌యార్డ్‌లో లేవా పిట్టలు?"

"ఉన్నాయి. అవన్నీ చూసేశాను."

ఇది ఎనభైల మధ్యలో సంగతి. అప్పటికి మేము నార్త్ కరొలైనా వచ్చి పదమూడేళ్ళు. క్యారీ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కున్నాం. నేను ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. మాత్రల్లో ఉండాల్సిన మందు ఉందా లేదా అని కొలిచి, రీడింగ్ పుస్తకంలో రాసి, సంతకం పెట్టడం నా పని. మా ఊళ్ళో, అంటే బందరులో, రెండేళ్ళ వయసులో నాకు పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నగా, బలం లేకుండా ఉండిపోయింది. తొడ నుంచి బూటు దాకా ఇనుప కడ్డీలు, తోలు పట్టీలు ఉన్న బ్రేస్ కట్టుకుని, చేతికర్రతో నడుస్తాను. ఎక్కువ దూరం నడవలేను కాబట్టి ఒకచోట కూర్చుని వినడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. పిట్టల పిచ్చి పట్టింది కూడా అలాగే. వంటింటి కిటికీ పక్కన కూర్చుని, ఏ కూత ఎవరిదో ఒక్కొక్కటే నేర్చుకున్నాను. తర్వాత క్యాసెట్లు కొన్నాను. కార్‌లో పాటలకు బదులు అవే పెట్టేదాన్ని. మా అమ్మాయికి అప్పుడు పద్నాలుగేళ్ళు. స్కూల్ దగ్గర దింపేటప్పుడు "అమ్మా, ప్లీజ్, విండో క్లోజ్ చెయ్యి, ఫ్రెండ్స్ వింటారు" అని గొడవ చేసేది.

పాల గిన్నె సింక్‌లో పెట్టి మా ఆయన అసలు మాట బయటపెట్టారు.

"అక్కడ పడితే నిన్నెవరు లేపుతారు?"

"పదహారేళ్ళ కాపురంలో మీరు నన్ను ఎన్నిసార్లు లేపారు?"

ఆయన నిజాయితీ ఉన్న మనిషి. ఆలోచించి చెప్పారు. "రెండు సార్లు."

"మూడు. మూడోసారి మీరూ పడ్డారు."

ఆయనకు నవ్వొచ్చింది. అయినా ఒప్పుకోలేదు. వారం రోజులు ఇంట్లో మాటలు తగ్గాయి. ఆ శనివారం స్నేహితుల ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌కి వెళ్తే అక్కడ ఒకావిడ నా ప్లేటులో గారె వేస్తూ, "కాలు బాగున్న వాళ్ళమే మేము డిస్నీవరల్డ్ తిరగలేక చచ్చాం, నీకెందుకమ్మా ఈ ఎడ్వెంచర్?" అంది. ప్రేమగానే అంది. ఆ గారె తింటూనే నిర్ణయించుకున్నాను. సోమవారం లంచ్ టైంలో టూర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి బుక్ చేశాను. వాళ్ళు పంపిన ఫారంలో ఆరోగ్యం గురించి అడిగిన గడిలో ఉన్నదున్నట్టు రాశాను. ఎడమ కాలు బలహీనం, బ్రేస్‌తో నడుస్తాను, నెమ్మదిగా నడుస్తాను. వాళ్ళు అభ్యంతరం ఏమీ చెప్పలేదు. టికెట్లు వచ్చాయి. మా అమ్మాయి ఒక్కతే ఎగిరి గంతేసింది. "గో అమ్మా! డాడీకి రైస్ నేను పెడతా. ఐ కెన్ మేక్ పప్పు."

జూన్ రెండో వారంలో నోమ్ అనే ఊళ్ళో దిగాం. అలాస్కా పడమటి అంచున, బేరింగ్ సముద్రం ఒడ్డున ఉంటుంది. ఆ ఊరికి బయటి నుంచి రోడ్డు లేదు, విమానం ఒక్కటే దారి. ఊళ్ళోంచి మాత్రం మూడు కంకర రోడ్లు మూడు వైపులా పోయి, ఎక్కడో కొండల్లో ఆగిపోతాయి. చెట్టన్నది లేదు. ఎటు చూసినా గోధుమ, ఆకుపచ్చ కలిసిన నేల, కొండల మడతల్లో ఇంకా కరగని మంచు. చలికాలం అంతా ఎక్కడెక్కడో గడిపిన పిట్టలు గుడ్లు పెట్టడానికి అక్కడికి చేరతాయి. జూన్‌లో అక్కడ అర్ధరాత్రి దాటినా వెలుతురే. సూర్యుడు ఎప్పుడు అస్తమిస్తాడో చూద్దామని మొదటిరోజు మేల్కొని కూర్చున్నవాళ్ళంతా విసిగిపోయి పడుకున్నారు.

మా గైడ్‌కి ముప్ఫై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, ఎండకు కమిలిన ముక్కుతో ఉండేవాడు. పిట్టల విషయంలో అతని చెవికి నేను దణ్ణం పెట్టాలి. అంత బాగా తెలుసు. కానీ విమానాశ్రయంలో నన్ను చూడగానే అతని కళ్ళు ముందు నా బూటు మీద, తర్వాత కర్ర మీద ఆగాయి. మొహం మీదికి చివర్న వచ్చాయి. నాతో మాట్లాడేటప్పుడు ఒక్కో మాట విడదీసి, గట్టిగా చెప్పేవాడు. నాకు ఇంగ్లీషు రాదనుకున్నాడో, కాలు బాగుండకపోతే చెవులు కూడా బాగుండవనుకున్నాడో తెలీదు. రెండో రోజు విల్లో పొదల దగ్గర ఒక పిట్ట గొంతు మార్చి మార్చి పాడుతుంటే అందరికంటే ముందు నేనే "బ్లూత్రోట్" అన్నాను. అతను ఆగి విని, నిజమేనని తల ఊపాడు. అప్పటి నుంచి గట్టిగా మాట్లాడటం మానేశాడు. బూటు వైపు చూడటం మాత్రం మానలేదు.

మూడో రోజు కోసమే మేమందరం అంత దూరం వచ్చాం. కర్ల్యూ అనే వంకర ముక్కు పిట్ట ఒకటి ఉంది. తొడల దగ్గర గుండుసూదుల్లాంటి ఈకలు ఉంటాయి కాబట్టి దానికి ఇంగ్లీషులో ‘ముళ్ళ తొడల కర్ల్యూ’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చలికాలం పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న చిన్న దీవుల్లో ఉండి, వేసవిలో ఎక్కడా దిగకుండా సముద్రం మీద ఎగిరి అలాస్కా చేరుతుంది. అలాస్కాలో కూడా రెండు చోట్ల కొండల మీదే గూడు పెడుతుంది. అందులో ఒక కొండ నోమ్ నుంచి పోయే ఒక రోడ్డు పక్కన ఉంది. చిక్కేమిటంటే అదే కొండ మీద వింబ్రెల్ అనే ఇంకో పిట్ట ఉంటుంది. అదే వంకర ముక్కు, అదే గోధుమరంగు ఒళ్ళు. తోక చూస్తే గాని తేడా తెలీదు. వింబ్రెల్ తోక మట్టిరంగు. కర్ల్యూ తోక, దాని పైన వెనక భాగం దాల్చినచెక్క రంగు.

మూడు గంటలు వ్యాన్‌లో ఊగుతూ కొండ కిందికి చేరాం. అందరూ దిగి బూట్లు బిగించుకుంటున్నారు. నేనూ పట్టీలు బిగించుకుంటున్నాను. గైడ్ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"మీరు వ్యాన్‌లో ఉంటే మంచిదేమో" అన్నాడు.

"నేను నడుస్తాను. నెమ్మదిగా వస్తాను."

"దూరం మైలే. కానీ అది నేల కాదు, గడ్డి దుబ్బులు. మామూలు వాళ్ళకే కాళ్ళు మడతపడతాయి. మీకోసం గ్రూప్ ఆగితే అందరూ పిట్టను పోగొట్టుకోవచ్చు. మీరే ఆలోచించండి."

అందరి ముందే అన్నాడు. పదకొండు మందీ తమ బూట్ల వైపు చూసుకున్నారు. "మేము ఆగుతాం" అని ఒక్కరన్నా అంటారని ఒక క్షణం ఎదురుచూశాను. ఎవరూ అనలేదు. ఒహాయో నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్ ఒకావిడ రోజూ వ్యాన్‌లో నా పక్కనే కూర్చునేది, ఆవిడా అనలేదు.

"సరే" అన్నాను.

ఆ సరే అన్నందుకు ఈనాటికీ నామీద నాకు కోపమే. అతను అన్నదానికి కాదు. అతను తన పని తాను చూసుకున్నాడు. నేను ఎందుకు ఒప్పుకున్నాను? డబ్బు కట్టి, దేశం ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చి, ఎవరికీ భారం కాకూడదని ఒప్పుకున్నాను. భారం కాకూడదన్న మాటను చిన్నప్పటి నుంచీ ఎంతగా నమిలి మింగానంటే అది నా నోట్లోంచి సరే అని దానంతట అదే వచ్చేసింది.

నాలుగున్నర గంటలు వ్యాన్‌లో కూర్చున్నాను. వాళ్ళు కొండమీద చీమల్లా అయ్యారు, తర్వాత కనబడలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికల డబ్బా సగం ఖాళీ చేశాను. ఫ్లాస్కులో కాఫీ చల్లారిపోయింది. చివరికి వాళ్ళు తిరిగొచ్చారు, బురద కొట్టుకుని, పడుతూ లేస్తూ, నవ్వుతూ. "దొరికింది! దొరికింది!" అని దూరం నుంచే అరిచారు. టీచరమ్మ నన్ను కావలించుకుంది. "అచ్చం మనిషి ఈల వేసినట్టే ఉంది, నువ్వు వినాల్సింది" అంది. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను.

ఆ సాయంత్రం లాడ్జి భోజనాల గదిలో రోజూలాగే లిస్టు తీశాం. గైడ్ ఒక్కో పిట్ట పేరు చదువుతాడు, చూసినవాళ్ళు తమ కాగితం మీద టిక్కు పెట్టుకుంటారు. కర్ల్యూ పేరు చదవగానే గదంతా హోరెత్తింది. నేను పెన్ను కింద పెట్టాను. గైడ్ అది చూశాడు. నా దగ్గరికి వచ్చి, వంగి, నా కాగితం మీద ఆ పేరు పక్కన తనే టిక్కు పెట్టాడు.

"మీరూ అక్కడే ఉన్నారుగా. మీకూ లెక్కే" అన్నాడు.

"నేను చూడలేదు."

"కూత కిందికి వినిపించే ఉంటుంది."

"వినిపించలేదు."

"పోనీలెండి, ఇదేం పరీక్ష కాదు. సరదాకే కదా."

పెన్ను తీసుకుని అతను పెట్టిన టిక్కును కొట్టేశాను. పక్కన నా పొడి అక్షరాలు వేశాను. ల్యాబ్‌లో తప్పు రాస్తే అలాగే చేస్తాం. కొట్టేసి, ఎవరు కొట్టేశారో రాయాలి. పన్నెండేళ్ళలో నేను చూడని రీడింగ్ ఒక్కటి కూడా రాయలేదు. జాలిపడి మరొకరు పెట్టిన టిక్కు ఇంటికి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటాను?

అతని మొహం ఎర్రబడింది. "మీకు మంచి చేద్దామనే" అన్నాడు.

"మంచి చెయ్యాలంటే రేపు నన్ను ఆ కొండకు తీసుకెళ్ళండి."

"రేపు సముద్రం ఒడ్డు ప్రోగ్రామ్. మార్చలేను."

"అయితే మీరు సముద్రానికి వెళ్ళండి. నేను రాను."

గదిలో అందరూ ప్లేట్లలోకి చూసుకున్నారు. ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అని వాళ్ళ మొహాల్లో కనిపిస్తూనే ఉంది. కనిపించనీ అనుకున్నాను.

మరునాడు పొద్దున వ్యాన్ వెళ్ళిపోయాక భోజనాల గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. ఆ లాడ్జిలో వంట చేసే ఆవిడ కాఫీ పోస్తూ నా ఎదురుగా కూర్చుంది. ఆ ప్రాంతపు మూలవాసి. యాభై దాటి ఉంటాయి, పొట్టిగా గట్టిగా ఉండేది. ముందురోజు జరిగిందంతా ఆవిడ వంటింటి తలుపు దగ్గర నిలబడి విన్నదట.

"మా వాళ్ళ చేపల క్యాబిన్ ఆ రోడ్డు మీదే ఉంది. పొద్దుటి టిఫిన్ పని అయింది, ఇక ఈరోజు నాకు సెలవు. పికప్‌లో వెళ్తున్నాను. నిన్ను ఆ కొండ దగ్గర దింపనా?" అంది.

"దింపితే చాలు."

ఆవిడ కూడా నా బూటు వైపు చూసింది. కానీ చూసి ఒక ప్రశ్న అడిగింది. "ఆ ఇనుము తడిస్తే ఏమవుతుంది?"

"తుప్పు పడుతుంది."

"నా దగ్గర నూనె ఉంది, వచ్చాక రాద్దాం" అని లేచింది.

కొండ దగ్గర నన్ను దింపుతూ ఒక పాత సత్తు గిన్నె, గరిటె ఇచ్చింది. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. "మాట్లాడుతూ ఉండు. అప్పుడప్పుడు ఇది వాయించు. మనిషి ఉన్నట్టు ముందే తెలిస్తే అవే తప్పుకుంటాయి. నాలుగింటికి వస్తాను. నువ్వు కనబడకపోతే పైకి ఎక్కి వస్తాను. నాకు కొండలెక్కడం ఇష్టం ఉండదు. అందుకని దిగి వచ్చెయ్."

పికప్ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. అంత పెద్ద నిశ్శబ్దం నేను అంతకు ముందు వినలేదు.

గైడ్ చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అది నేల కాదు. గుమ్మడికాయలంత గడ్డి దుబ్బులు, ఒక్కొక్కటీ కాలు పెట్టగానే పక్కకి ఒరుగుతుంది. రెండింటి మధ్య నీళ్ళ గుంట. ఎంత లోతో దిగితే గాని తెలీదు. పది నిమిషాల్లో మూడుసార్లు పడ్డాను. మూడోసారి బ్రేస్ బురదలో ఇరుక్కుని, లాగేసరికి మోకాలి దగ్గర పట్టీ తెగింది. తిరిగి చూస్తే రోడ్డు యాభై గజాల దూరంలో ఉంది. దుబ్బు మీద కూర్చుని, పట్టీని చేతిలో పట్టుకుని, ఏం చెయ్యాలా అని ఆలోచించాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేను నడవలేదు. కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి, మంచి కాలితో తోసుకుంటూ దేకేదాన్ని. ఇల్లంతా, వీధంతా అలాగే తిరిగాను. చాలా వేగంగా దేకేదాన్ని కూడా. తర్వాత మద్రాసులో కొలతలిచ్చి బ్రేస్ చేయించారు. అది తొడిగిన రోజు మా అమ్మ నా గడ్డం పట్టుకుని, "ఇంక దేకావంటే ఊరుకోను. మనిషిలా నడవాలి" అంది. ఆవిడ మాట మీద ముప్ఫై అయిదేళ్ళు నిలబడ్డాను. రాత్రి బాత్‌రూమ్‌కి వెళ్ళాలన్నా పట్టీలన్నీ కట్టుకునే వెళ్ళేదాన్ని. పెళ్ళయ్యాక మా ఆయన ముందు గాని, పిల్ల ముందు గాని ఒక్కసారి కూడా దేకలేదు.

ఆ దుబ్బు మీద కూర్చుని మా అమ్మతో గట్టిగా వాదించాను. ఎలుగుబంట్ల కోసం ఎలాగూ మాట్లాడాలి కదా. "మనిషిలా అంటే ఏమిటమ్మా? దేకినప్పుడు నేను మనిషిని కానా? పెరట్లోకీ, అరుగు మీదికీ, పక్కింటికీ అలాగే వెళ్ళాను కదా, ఆ వెళ్ళింది ఎవరు?" కొండ మీద నా తెలుగు మోగింది. బ్రేస్ మొత్తం విప్పేసి సంచికి కట్టాను. కొండకు వీపు పెట్టి, చేతులు వెనక్కి ఆనించి, మంచి కాలితో తోశాను. ఒక దుబ్బు మీద నుంచి వెనకాల దుబ్బు మీదికి జరిగాను. మళ్ళీ తోశాను.

వెనక్కి దేకుతుంటే ఎక్కాల్సింది కనబడదు, ఎక్కేసిందే కనబడుతుంది. కాసేపటికి రోడ్డు రిబ్బన్‌లా అయింది. చేతులకు గ్లవ్స్ ఉన్నా అరచేతులు మండిపోయాయి. వానకోటు ప్యాంటు వెనకాల చిరిగి చలి లోపలికి కొట్టింది. మాట్లాడటానికి మాటలు అయిపోతే ఎక్కాలు అందుకున్నాను. "పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవయ్యారు" అంటూ ఒక్కో లెక్కకు ఒక్కో దుబ్బు. పంతొమ్మిదో ఎక్కం దగ్గర తడబడితే మళ్ళీ మొదటి నుంచి. మధ్యలో గిన్నె వాయించాను. కోడిలాంటి టార్మిగన్ పక్షి ఒకటి పొదలోంచి తల ఎత్తి, నన్ను చూసి, భయపడాల్సిన పనిలేదని తేల్చుకుని మళ్ళీ మేతలో పడింది.

మూడు గంటల పైనే పట్టింది. కొండ నెత్తిన నేల పొడిగా, రాళ్ళతో గట్టిగా ఉంది. తెగిన పట్టీని సంచి తాడుతో ముడివేసి, బ్రేస్ తొడుక్కుని, లేచి నిలబడ్డాను. గాలి తప్ప ఇంకేమీ లేదు.

గంట గడిచింది. రెండు పిట్టలు వచ్చాయి, వంకర ముక్కులు, గోధుమరంగు ఒళ్ళు. బైనాక్యులర్స్‌లో వాటిని పట్టుకుని, అవి వాలేటప్పుడు తోకలు చూశాను. మట్టిరంగు. రెండూ వింబ్రెల్స్. ఎండలో కాస్త ఎర్రగా ఉన్నట్టు లేదూ అని మనసు ఒకసారి అడిగింది. లేదు, మట్టిరంగే. పుస్తకంలో వింబ్రెల్ రెండు అని రాసుకున్నాను. దిగాల్సిన టైం దగ్గరపడుతోంది. చూడకుండా దిగాల్సి వచ్చినా ఫరవాలేదనిపించింది. అప్పుడు కూడా ఉన్నదే రాస్తాను.

అప్పుడు వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

వీధి చివర స్నేహితుణ్ణి పిలిచే కుర్రకారు వేసే ఈల అది. గైడ్ నా కోసం వచ్చాడనుకుని చిరాకుగా వెనక్కి తిరిగాను. మనిషి లేడు. నా నడుమెత్తులో ఒక పిట్ట ఎగురుతూ వస్తోంది. నన్ను దాటి, పక్కకి ఒంగి మలుపు తిరిగింది. ఎండ సరిగ్గా దాని వెనక భాగం మీద పడింది. దాల్చినచెక్క రంగు. సందేహం లేదు. మరోసారి ఈల వేసి, నాకు ముప్ఫై అడుగుల దూరంలో దిగింది. పోయినేడాది కాసి మంచు కింద మిగిలిపోయిన నల్లపళ్ళను ఆ పొడుగు ముక్కుతో ఒక్కొక్కటే ఏరుకుని తింటూ తిరిగింది. తొడల దగ్గర ఆ సన్నని ఈకలు కూడా కనబడ్డాయి. పదకొండు నిమిషాలు చూశాను. వాచీ చూసుకుని రాశాను.

ఇలాంటప్పుడు కళ్ళనీళ్ళు వస్తాయంటారు. నాకు రాలేదు. విపరీతమైన ఆకలి వేసింది. మిగిలిన జంతికలన్నీ తినేశాను.

దిగడం తేలికే అయింది. సగం దారి జారుకుంటూనే వచ్చాను. నేను రోడ్డు చేరేసరికి నాలుగుంపావు. వంటావిడ అప్పటికే కొండ మొదట్లో ఇరవై అడుగులు ఎక్కి, ఒక గుంటలో కాలు పడి తిట్టుకుంటోంది.

"చూశావా?"

"చూశాను."

"మా అమ్మ వాటి గుడ్లు తినేది. చాలా బాగుంటాయట" అని, పికప్ వెనక నుంచి నూనె సీసా తీసి, రోడ్డు పక్కన నన్ను కూర్చోబెట్టి, ఇనుప కీళ్ళకు తనే రాసింది. నా చిరిగిన ప్యాంటు, బురద మెత్తిన వీపు చూసింది. ఎలా ఎక్కావని అడగలేదు.

లాడ్జి ముందు గైడ్ నిలబడి ఉన్నాడు. మొహంలో రక్తం లేదు. నేను ఎక్కడికి వెళ్ళానో సముద్రం నుంచి తిరిగొచ్చాకే తెలిసిందట.

"మీకేమైనా అయితే? నా ఉద్యోగం పోయేది. మీరు సంతకం పెట్టిన పేపర్‌లో గ్రూప్ వదిలి వెళ్ళకూడదని ఉంది."

"గ్రూప్ నన్ను వదిలి వెళ్ళింది నిన్న. ఇంకో పేపర్‌లో నా కాలి గురించి రాశాను. మీరు చదివారా?"

"ఆఫీస్ నాకు ఇవ్వలేదు" అన్నాడు మెల్లగా. అది నిజమేననిపించింది.

తర్వాత అతనిలోని పిట్టల మనిషి ఆగలేకపోయాడు. "తోక?" అన్నాడు.

"దాల్చినచెక్క రంగు. వెనక భాగం కూడా."

"కూత?"

నేను ఈల వేశాను. ఆడపిల్లలు ఈల వెయ్యకూడదని మా ఇంట్లో నేర్పారు. కాబట్టి చాటుగా, చాలా బాగా నేర్చుకున్నాను. లోపల భోజనాల గదిలో మాటలు ఆగిపోయాయి. గైడ్ కళ్ళు మూసుకుని విని, తల ఊపాడు.

ఆ సాయంత్రం లిస్టు చదివేటప్పుడు అతను కర్ల్యూ పేరు మళ్ళీ చదివాడు, నా ఒక్కదాని కోసం. కొట్టేసిన చోటు పక్కన నేనే టిక్కు పెట్టుకున్నాను. "అసలు ఎలా ఎక్కారు?" అని అడిగాడు. అందరూ వింటున్నారు. దానికి ఇంగ్లీషులో మంచి మాట నాకు దొరకలేదు. "కూర్చుని, వెనక్కి తోసుకుంటూ" అన్నాను. టీచరమ్మ చూపు టేబుల్ మీదికి దించుకుంది.

"అలా కిందికి చూడకండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నిన్న సిగ్గుపడ్డాను. ఈరోజు లేదు" అన్నాను.

ఆవిడ తలెత్తింది. "నిన్న నేను మీతో ఆగుతానని చెప్పాల్సింది" అంది.

"అవును, చెప్పాల్సింది" అన్నాను. ఫరవాలేదు అనలేదు. ఫరవా ఉంది కాబట్టి. ఆ తర్వాత మేమిద్దరం ఇరవై ఏళ్ళు ఉత్తరాలు రాసుకున్నాం.

ఇంటికొచ్చాక టూర్ ఆఫీస్‌కి రెండు పేజీల ఉత్తరం రాశాను. ఫారం గైడ్‌కి ఎందుకు చేరలేదని అడిగాను. చాలా మర్యాదగా జవాబిచ్చారు. ఇకముందు తమ బ్రోషర్‌లో కష్టమైన నడకకు తట్టుకోగలిగినవారే రావాలని స్పష్టంగా అచ్చు వేస్తామన్నారు. అది చదివి నాకు ఒళ్ళు మండింది. నేను తలుపు తియ్యమంటే వాళ్ళు గడియ పెట్టారు. మళ్ళీ రాశాను. దానికి జవాబు రాలేదు.

పాట్‌లక్‌లో గారె వేసిన ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దేకుతూనా? అయ్యో! ఎవరైనా చూశారా?"

"ఎవరూ చూడలేదు. అందుకే అందరికీ చెబుతున్నాను."

మా ఆయన పక్కనే ఉన్నారు. ఆయనా ఆ మాట వినడం అదే మొదటిసారి. కార్‌లో ఇంటికి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "ఇంట్లో రాత్రిళ్ళు ఆ పట్టీలన్నీ కట్టుకుంటూ అవస్థ పడతావెందుకు మరి?" అన్నారు. ఆ రాత్రి నుంచి కట్టుకోవడం మానేశాను.

ఆ తర్వాత పదేళ్ళలో అయిదు టూర్లకు రాశాను. ప్రతి ఫారంలో ఆరోగ్యం గడి నిండా పెద్ద అక్షరాలతో ఒకటే రాసేదాన్ని. నాకు పోలియో, నెమ్మదిగా వస్తాను, ఎక్కడ ఆగాలో నేనే చెబుతాను, గైడ్ ఇది చదివినట్టు సంతకం పెట్టి పంపాలి. రెండు కంపెనీలు కుదరదన్నాయి. మూడు సంతకం పెట్టి పంపాయి. ఆ మూడింటితో వెళ్ళాను.